రంగూను బియ్యము – గోదావరి బియ్యము



మొన్నటి దినమున ఆకివీడులో మినుములు కొనుటకై ఒక అంగడికి పోయితిని. అంగడివాడు నా శిష్యుడే. నన్ను చూచి లేచి నిలువబడి, "మేష్టారూ, నాటువి ఇమ్మంటారా, బర్మావి ఇమ్మంటారా?" అని అడిగెను. బర్మావి కొంత చౌక యట. నాటువే తీసికొంటిని గాని, ఇల్లు చేరువరకు ఆ ప్రశ్నయే చెవిలో మెదలుచుండెను. ఏలయన, ఇట్టి ప్రశ్నయే బియ్యమును గూర్చి తొంబది యేండ్ల క్రిందట, మా తాతగారి కాలమున, ఈ ప్రాంతమున పుట్టినది. దాని ఫలముగా మా ఇంట నాలుగెకరముల మాగాణి పరాధీనమైనది. బ్రహ్మదేశమునకును మనకును గల బేరసారములు నిన్న మొన్నటివి గావు. ఆ కథ పెద్దది. అందు మన రైతునకు, మన కూలివానికి సంబంధించిన భాగమును నేడు మీకు విన్నవింపదలచితిని.

బ్రహ్మదేశమనగా బర్మా. నేడు దానిని మయన్మారనుచున్నారు. భూమార్గమున చూచినచో అది మనకు మిక్కిలి దూరము. సముద్రమార్గమున చూచినచో పొరుగే. కొల్లేటి నీరు ఉప్పుటేటి వెంబడి పోయి కలియు సముద్రమునకు ఆవలి యొడ్డున నున్న దేశమదియే. పూర్వము ఓడవారు నైఋతి గాలి తుది దినములలో తెరచాప ఎత్తి పోయి, ఈశాన్యపు గాలితో మరలి వచ్చెడివారు. క్రీస్తు తరువాత రెండవ శతాబ్దియందు టాలెమీ యను గ్రీకు భూగోళ శాస్త్రకర్త మన కృష్ణాతీరమును మైసోలియా యని పేర్కొని, సువర్ణభూమికి పోవు ఓడలు ఒడ్డును విడిచి నడిసముద్రమునకు మరలెడి చోటు ఈ తీరముననే కలదని వ్రాసెను. ఇంచుమించు ఆ కాలపు శాతవాహన రాజగు యజ్ఞశ్రీ నాణెములపై రెండు కొయ్యల ఓడ ముద్ర కలదు.

మరియొక సాక్ష్యము కలదు. బర్మాలో ప్రోము పట్టణము చెంత శ్రీక్షేత్రమను ప్రాచీన నగరము పాడుపడి యున్నది. 1926లో అచ్చట ఒక దిబ్బను త్రవ్వగా ఇరువది బంగారు రేకులు దొరికినవి. వానిపై చెక్కినది పాళీ భాషలో బుద్ధవచనము. లిపి మాత్రము దక్షిణాపథపు లిపి. ఏలూరునకు ఉత్తరమున నున్న పెదవేగి రాజధానిగా ఏలిన శాలంకాయనుల శాసనములలోని అక్షరములకును, కదంబుల అక్షరములకును అది దగ్గర చుట్టము. దిగువ బర్మాలోని మోను జాతివారిని తలైంగులని పిలుచుట కలదు. ఆ మాట త్రిలింగ శబ్దమునుండి పుట్టినదని కొందరు పండితులు వాదించిరి. నాకు ఆ వాదమునందు గట్టి నమ్మకము లేదు. పేరులోని పోలికకంటె రేకుమీది అక్షరము మేలైన సాక్ష్యము గదా.

రాజులు ఈ వర్తకమునకు చేసిన మేలును చెప్పవలసివచ్చినచో మొదట మోటుపల్లి శాసనమును చెప్పవలెను. చినగంజాము చెంత సముద్రతీరమున మోటుపల్లి కలదు. 1244లో కాకతి గణపతిదేవ చక్రవర్తి అచ్చట ఒక రాతిస్తంభముపై అభయశాసనము వ్రాయించెను. అంతకుముందు ఏ ఓడ గాలివానకు చిక్కి ఒడ్డున పడినను, అందలి బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు సర్వమును ఆ చోటి రాజు బలవంతముగ లాగికొనుట ఆచారమై యుండెను. నష్టపడినవానిని మరల దోచుట యన్నమాట. గణపతిదేవుడు ఆ యాచారమును మాన్పించి, సుంకము తప్ప వేరొకటి పుచ్చుకొనమని మాట యిచ్చెను. ఆ సుంకము సరకులో ముప్పదవ వంతు. ఏ సరకునకు ఎంత యన్నదియు, శ్రీగంధము, కర్పూరము, ముత్యములు, పట్టు, మిరియములు మున్నగువానిని పేరుపేరున ఎత్తి రాతిమీద చెక్కించెను. పరదేశపు వర్తకుడు రేవున దిగి ఆ రాతిని చూచుకొని తన లెక్క తానే వేసికొనవచ్చును. నూటపద్నాలుగేండ్ల తరువాత, 1358లో, రెడ్డిరాజగు అనపోతారెడ్డియు ఆ మోటుపల్లియందే వర్తకులకు అట్టి అభయమునే ఇచ్చెను.

ఆ అభయము వ్యర్థముగా పోలేదు. శ్రీనాథ మహాకవి హరవిలాసమును అంకితము చేసినది అవచి తిప్పయ శెట్టికి. కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు సుగంధద్రవ్యములు సమకూర్చిన కోటీశ్వరుడాతడు. ఆ కావ్యపు పీఠికలో శెట్టిగారు సరకులు తెప్పించు రేవుల పేళ్లలో తరుణాసీరి, తవాయి యను రెండు కలవు. బాల్యమున నేనా పద్యమును వల్లించునపుడు మా గురువుగారు, "అవి ఎచ్చటివో ద్వీపములు లే నాయనా" యని దాటవేసిరి. ఉపాధ్యాయుడనైన పిదప ఒకనాడు భూగోళ పటమును గోడకు తగిలించి పాఠము చెప్పుచుండగా, బర్మా దక్షిణపు కొసను తెనాసరిమ్, తవోయ్ అను పేళ్లు నా కంటబడినవి. పాఠము నడుమనే ఆపి పిల్లలకు ఆ పద్యము చదివి వినిపించితిని. వారికేమి తెలిసెనో గాని నాకు మాత్రము ఆనాడు పండుగవలె నుండెను.

మచిలీపట్టణము వెలసిన పిదప ఈ వర్తకము మరింత విస్తరించెను. పదునారు, పదునేడవ శతాబ్దులలో మన తీరమునుండి పెగూ, తెనాసరిమ్, అరకాను రేవులకు అద్దకపు బట్టలును, చిరివేరుతో అద్దిన ఎఱ్ఱనూలును పోయెడివి. మేలైన చిరివేరు నిజాంపట్టణము ప్రాంతపు ఇసుకభూములలో పెరిగెడిది. ఆ ఎరుపు పెగూ స్త్రీలకు మిక్కిలి ప్రియము. అచ్చటినుండి లక్క, కెంపులు, బంగారము, తగరము వచ్చెడివి. మర్తబాను రేవునుండి పెద్ద పెద్ద జాడీలు వచ్చెడివి. ఊరగాయ జాడీకి తురకభాషలో మర్తబానని పేరు నేటికిని కలదు. ఇటు మన నరసాపురము, మాధవాయిపాలెములందు ఓడలు కట్టెడి నేర్పరులైన వడ్రంగులుండిరి. ఇంగ్లీషువారు సైతము తమ ఓడలను అచ్చట కట్టించుకొనిరి. మీరజుమ్లాగా ప్రసిద్ధికెక్కిన గోలకొండ మంత్రి మచిలీపట్టణపు అధికారిగా నుండిన దినములలోనే సొంత ఓడలు నడిపి బర్మా తీరముతో వర్తకము చేసెను.

గమనింపుడు. ఇంతవరకు మనవారు ఆవలి యొడ్డునకు పోయినది సరకుతో. నూలు మనది, అద్దకము మనది, ఓడ మనది. ఇక ముందు కథ మారిపోయినది.

1852వ సంవత్సరమున రెండు కార్యములు జరిగినవి. ఆ యేట మార్చి నెలలో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియయ్యెను. ఆ యేటనే డిసెంబరులో ఇంగ్లీషువారు పెగూ దేశమును, అనగా రంగూనుతో గూడ ఐరావతీ నదీముఖ భూములను, తమ రాజ్యమున కలుపుకొనిరి. ఒక్క సంవత్సరముననే రెండు డెల్టాలకు తలుపులు తెరవబడినవి. రెంటను పండునది వరియే. ఇక్కడ నీటికి కాలువలు త్రవ్విరి. అక్కడ వానలు చాలినంత కురియును, అడవి నరికినచో చాలును. 1869లో సూయజు కాలువ తెరచిన పిదప ఐరోపాకు దారి దగ్గరయ్యెను. 1850 ప్రాంతమున దిగువ బర్మాలో పది లక్షల ఎకరములైన లేని వరిసాగు 1930 నాటికి ఎనుబది లక్షలను దాటెను. ఏటేట ముప్పది లక్షల టన్నుల బియ్యము ఓడలకెక్కుచుండెను. ప్రపంచమున బియ్యము ఎగుమతి చేయు దేశములలో బర్మాయే మొదటిదయ్యెను.

ఇంత బియ్యమును దంచుటకు, మోయుటకు, ఓడలకెత్తుటకు మనుష్యులు కావలెను. అచ్చట భూమి విస్తారము, జనము స్వల్పము. ఇచ్చట గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలముల మెరకపల్లెలలో జనము విస్తారము, భూమి స్వల్పము. 1866 నాటి గంజాము కరువు వంటివి వచ్చినపుడు గంజికైన గతి లేని సంసారములు వేలకొలది. కాలువ క్రింది మన భీమవరము, నరసాపురము సీమలవారు అంతగా పోలేదు. పైగా ఉత్తరపు మండలముల కూలీలే మన డెల్టాకు ఊడ్పులకు, కోతలకు వచ్చుచుండిరి. ఆ పల్లెలవారికి రెండే దారులు: ఒకటి దక్షిణమున గోదావరికి, రెండవది తూర్పున సముద్రము దాటి రంగూనుకు. మొదట కోరంగి రేవునుండి పోయిరి గనుక బర్మావారు మనవారినందరను కొరంగీలనిరి. మనవారు రంగూనును 'రంగము' అనిరి. కోరంగి పూడిపోయిన పిదప కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము, బారువ రేవులలో పొగయోడలు ఆగి మనుష్యులను ఎక్కించుకొనెడివి.

పోవువానికి ఓడకూలి యెవడిచ్చును? మేస్త్రీ ఇచ్చును. మేస్త్రీ పల్లెకు వచ్చి, ఇంటివారి చేతిలో కొంత రొక్కము పెట్టి, కాగితము వ్రాయించుకొని మనిషిని తోడుకొని పోవును. రంగూనులో యజమాని కూలిసొమ్మును మేస్త్రీకే ఇచ్చును. మేస్త్రీ తన బాకీ, తన వడ్డీ, తన వంతు పట్టుకొని మిగిలినది కూలివానికిచ్చును. బాకీ తీరువరకు వాడు మేస్త్రీని విడువరాదు. రంగూను రేవులో బస్తాలు మోసినవారిలో, మిల్లులలో పని చేసినవారిలో, రిక్షాలు లాగినవారిలో, పాకీపని చేసినవారిలో మనవారే మెండు. ఒక్కొక్క గదిలో పదులకొలది మనుష్యులు వంతులవారీగా నిద్రపోయిరి. 1931 జనాభా లెక్కలలో బర్మాలోని తెలుగువారు లక్షన్నరకు మించిరి. రంగూను నగరపు నాలుగు లక్షల జనములో సగముకంటె ఎక్కువ భారతీయులే.

ఇదే కాలమున తమిళదేశమునుండి నాటుకోట చెట్టియార్లును బర్మాకు పోయిరి. వారు తీసికొనిపోయినది మూలధనము. ఊరూర కొట్లు పెట్టి, విత్తనమునకు ముందు బర్మా రైతుకు అప్పిచ్చి, పంటపైన వడ్డీతో రాబట్టుకొనిరి. ఐరావతి డెల్టాలో అడవి నరకబడినది చాలవరకు ఆ పెట్టుబడితోనే. తెలుగువారిలో మేస్త్రీలు, కంట్రాక్టరులు కొందరు కలవారైరి గాని, మన జాతి మొత్తముమీద ఆ దేశమున పెట్టిన పెట్టుబడి రెండు చేతులే. వడ్డీ తిరిగివచ్చినది మనియార్డరు రూపమున, ఆ పల్లెల తపాలాబంట్రోతు సంచిలో. ఆ సొమ్ముతో చెల్లెండ్ర పెండ్లిండ్లైనవి, అర ఎకరము మెరక కొన్నవారును కలరు. దానిని తక్కువచేసి మాటలాడను.

1929లో ప్రపంచమంతట ధరలు కూలినవి. రంగూనులో బియ్యపు ధర రెండు మూడేండ్లలో సగమునకు దిగెను. ఆ బియ్యము ఎచ్చటికి పోవలెను? చెన్నపట్టణమునకు, తమిళదేశమునకు, మలబారునకు వచ్చెను. అవియే మన గోదావరి, కృష్ణా బియ్యమునకును అంగళ్లు. బర్మా అప్పటికి ఇండియాలోని భాగమే గనుక దాని బియ్యమునకు సుంకము లేదు. దానికి తోడు సయాము నూకలు వచ్చి పడినవి. మన రైతులు మొరపెట్టగా మొరపెట్టగా 1935లో విదేశపు నూకలమీద మణుగునకు పన్నెండణాల సుంకము వేసిరి. బర్మా బియ్యము జోలికి పోలేదు. ఈ నడుమ సర్కారువారు మన మండలములలో రూపాయికి మూడణాల చొప్పున శిస్తు హెచ్చింపవలెనని పట్టుబట్టి యుండిరి. ధర సగమయ్యెను, శిస్తు పెరుగవలె నట!

మా తాతగారు 1930 పంటను అమ్మక, ధర తిరుగునను ఆశతో పెరటిలో పురి కట్టించిరి. మరుసటి పంటయు వచ్చెను, ధర తిరుగలేదు. రెండవ పురి కట్టుటకు మనసొప్పక, శిస్తు వాయిదా దాటనీయక, నాలుగెకరములు తాకట్టు పెట్టిరి. అది మరల మా చేతికి రాలేదు. నా చిన్నతనమున ఆయన ఆ కథ చెప్పుచు, మా పొలమున ఏటేట కోతకు వచ్చెడి విశాఖ మండలపు కూలివాని నొకని తలచుకొనెడివారు. వాని అన్న రంగూను రేవులో బస్తాలు మోసెడివాడట. "వాళ్ళన్న మోసిన బస్తాయే గదరా మన నెత్తిన పడ్డదీ" అని నవ్వెడివారు. ఆ నవ్వు వెనుక ఏమున్నదో అప్పుడు నేనెరుగను.

ఆ అన్నకైనను అక్కడ సుఖము లేదు. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు కూలి పెంచుమని పని మానిరి. ఓడల కంట్రాక్టరులు బర్మా కూలీలను పనిలోనికి దింపిరి. పిదప తెలుగువారితో రాజీ కుదుర్చుకొని, బర్మావారిని పొమ్మనిరి. 26వ తేదీ ఉదయమున పనికి వచ్చి వెనుకకు పంపబడిన బర్మావారికిని, మనవారికిని మాటామాటా పెరిగి, కత్తులు, గడకఱ్ఱలు లేచినవి. కొన్ని దినములు నగరమంతయు అట్టుడికినట్లుడికెను. చచ్చినవారు నూటికి పైబడిరి. వారిలో తెలుగువారే ఎక్కువ. పిమ్మట రేవుపనిని ఇరువురకు పంచిరి. కూలి మిగుల్చుకొన్న కంట్రాక్టరు ఇంటిమీద రాయి పడలేదు, ఇద్దరు పేదవాండ్రు ఒకరి నొకరు పొడుచుకొనిరి. బర్మా పల్లెలలోను పరిస్థితి ఇట్లే చెడెను. ధర పడిపోయి అప్పు తీర్పలేని రైతుల భూములు చెట్టియార్ల పాలయ్యెను. 1930లో పదమూడు ముఖ్యమైన వరి జిల్లాలలో నూటికి ఆరెకరములు వారివి కాగా, 1937 నాటికి ఇరువదియైదు వారివైనవి. అట్టి యెడ ఆ దేశస్థులకు మనవారిపై ప్రేమ ఎట్లుండును? తప్పెవ్వరిదైనను కోపము మాత్రము దగ్గర నున్న వానిపైననే పడును.

1937 ఏప్రిలు 1వ తేదీన బర్మాను ఇండియానుండి విడదీసిరి. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. ఓడ టిక్కెట్టు దొరికినవాడు ఓడమీద, దొరకనివాడు కాలినడకన అరకాను కొండలగుండా, మణిపురపు అడవులగుండా ఇంటిదారి పట్టెను. మొత్తము నాలుగైదు లక్షల మంది యట్లు కదలిరి. దారిలో జ్వరములకు, కలరాకు, ఆకలికి రాలిపోయినవారు వేలకొలది. 1942 మార్చి 8వ తేదీన రంగూను జపానువారి వశమయ్యెను. ఏప్రిలు 6వ తేదీన కాకినాడ, విశాఖపట్టణములపైనను బాంబులు పడినవి. రంగూను బియ్యపు రాక ఆగిపోవుటచే మన రైతుకు పోటీ తొలగిపోయెను. కాని 1943లో వంగదేశమున లక్షలాది ప్రాణములను బలిగొన్న కరువునకు ఆ బియ్యము ఆగుటయు ఒక కారణమే. మన ధాన్యమునకు ధర రావలెనని కోరుకొన్నవారెవ్వరును అట్టి ధరను కోరుకొనలేదు.

1948 జనవరి 4వ తేదీన బర్మా స్వతంత్రమయ్యెను. ఆ యేటనే భూములను జాతీయము చేయు చట్టము వచ్చినది. చెట్టియార్ల పెట్టుబడి అంతటితో సరి. మనకు తిండిగింజలు చాలని దినములవి. 1954లో ఒక్కమారే తొమ్మిది లక్షల టన్నుల బర్మా బియ్యమును మన ప్రభుత్వము కొనెను. 1962లో సేనాపతి నేవిన్ రాజ్యమును చేపట్టి, రెండేండ్లలో అంగళ్లను సైతము ప్రభుత్వపరము చేసెను. 1964 మే నెలలో యాబది, నూరు చాట్ల నోట్లు చెల్లవనిరి. కూడబెట్టినది కాగితమైపోయెను. సుమారు మూడు లక్షల భారతీయులు తిరిగి వచ్చిరి. నగలు గూడ తీసికొనిపోనీయలేదు. విశాఖపట్టణమున కంచరపాలెము చెంత వారు దిగిన చోటునకు బర్మా క్యాంపని పేరు నేటికిని నిలిచియున్నది.

అట్లు వచ్చిన కుటుంబపు బాలుడొకడు మా బడిలో నాతోపాటు మూడవ తరగతిలో కూర్చుండెను. తెలుగు మాటలాడును గాని వ్రాయలేడు. మేమతనిని రంగమబ్బాయి యనెడివారము. ఒకనాడు పలకమీద బర్మా అక్షరములు వ్రాసి చూపెను. అన్నియు మన సున్నలవలె, అరసున్నలవలె గుండ్రముగా నుండెను. "ఇవి మావే గదరా" యని మేము, "కావు, మావి" యని అతడు, గంట కొట్టువరకు వాదులాడుకొంటిమి. బంగారు రేకుల సంగతి మాకప్పుడు తెలియదు.

ఇక ఈ కాలమునకు వత్తము. బర్మాలో ఇప్పుడు మినుములు విస్తారముగ పండించుచున్నారు. వారు తినుట అరుదు. పండినదానిలో అధికభాగము మన దేశమునకే. మనకు దిగుమతియగు మినుములలో అధికభాగము వారివే. 2017 ఆగస్టులో మన దేశమున పప్పుధాన్యముల ధరలు పడిపోగా ప్రభుత్వము దిగుమతికి పరిమితి విధించెను. వెంటనే బర్మా రైతు చిక్కున పడెను. 2021లో ధరలు పెరుగగా పరిమితి తొలగించి, అయిదేండ్లపాటు ఏటేట రెండున్నర లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు తెప్పించుకొనుటకు ఆ దేశముతో ఒడంబడిక చేసికొనిరి. 2023 మేలో, మన పెట్టుబడితో అరకాను తీరమున కట్టిన సిత్వే రేవునకు కలకత్తానుండి మొదటి సరకుఓడ పోయెను. పూర్వపు అక్యాబు రేవు అదియే. వరి కోసిన తడిమీద మినుము చల్లెడి కృష్ణా, గోదావరి రైతు తన మినుముల ధర ఏమగునో తెలిసికొనవలెనన్న, నాడు మా తాతగారివలెనే, సముద్రము ఆవలి పంటను విచారింపవలసినదే. పట్టణమున ఇడ్డెన తినువానికి బర్మా మినుము మేలు. చేనిలో నిలువబడినవానికి కాదు. నాకు ఈ రెండు ప్రక్కలను బంధువులున్నారు.

అంగడిలో నాటు మినుములు కొంటినని మొదట చెప్పితిని గదా. అవి ఏ ఊరివని మా శిష్యుని అడిగితిని. వాని తండ్రి ఒకప్పుడు ఆ వీధి చివరి చేలలోనే మినుము చల్లెడివాడు. తక్కెడ చూచుకొనుచు వాడిట్లనెను: "కృష్ణా జిల్లావండీ. మన ఊళ్ళో ఇంకెక్కడండీ మేష్టారూ, అన్నీ చేపల చెరువులే గదండీ."